పేరు చెల్లదు

ఎనుమాముల యార్డుల మార్చి నెల వచ్చిందంటే
ముక్కుకే ముందు తెలుస్తది.
గేటు దాటకముందు రెండు తుమ్ములు,
దాటినంక లెక్కపెట్టుడు బందు.
ఆ ఘాటుల, హమాలీలు అన్నం తినే రేకుల షెడ్డు కింద
నాకొక టేబుల్ వేసిచ్చిండ్రు,
మిర్చి టోకెన్ల ఫారం రాయమని.

పేరు, ఊరు, రకం, బస్తాలు, ఫోన్ నంబరు.
అయిదే గడులు.
ఖాళీగ వదిలితే బ్రౌజరే ఎర్రగ చూస్తది,
బస్తాల కాడ అక్షరం కొడితే ఒప్పుకోదు.
ఇగ చాలనుకున్న.

కాంట మీది యాకూబ్ పాషా నవ్విండు:
"గేటుకాడి పిలగాడు రాసిన చీటీ చూసి
నేను తూకం రాస్తనా?
వాడు మంచోడే.
కని ఈ యార్డుకు గేటొక్కటే తొవ్వ కాదు."

నిజమే. మూడో రాత్రి
పేజీ మొఖం చూడకుంటనే
నేరుగ సర్వర్ కాడికి వచ్చిందొక బండి.
రకం: నా జాబితాల లేనే లేదు.
బస్తాలు: మైనస్ ముప్పై.
ఎవడో ఏ అడ్తి దుకాణంలనో కూసోని
నా గోడను వేలితోటి తట్టి చూస్తున్నడు,
ఏడ బోలుగ ఉన్నదో అని.

ఆ రాత్రి నయీంనగర్ రూముల కన్ను మూయలె.
పీహెచ్‌పీల గడికొక కాంట నిలబెట్టిన.
అసలు వచ్చిందా?
అటిటు అంటుకున్న ఖాళీలు ట్రిమ్ చేయి.
అంకెనా? సున్నా కంటె మీదనేనా? అయిదు వందల లోపేనా?
రకం మనం రాసుకున్నదేనా?
పేరు నలభై దాటొద్దు.
దాటితే ఎర్రక్షరాలల్ల రెండే మాటలు:
పేరు చెల్లదు.
తెల్లారి చాయ తాగుకుంట
దొంగతొవ్వలన్ని మూసిన అనుకున్న.

పదకొండింటికి
నర్సంపేట అవతలి తండా నుంచి
గుగులోతు ద్వాలి వచ్చింది, మనుమడి ఫోను పట్టుకొని.
తేజ రకం, పద్నాలుగు బస్తాలు,
ట్రాలీ రోడ్డు మీదనే ఎండుతున్నది.
"ఈ పేరుతోనే ఓటేసిన.
ఈ పేరు మీదనే బ్యాంకుల బాకీ నడుస్తంది.
బాకీకి చెల్లిన పేరు
మిర్చికెట్ల చెల్లది, బిడ్డా?"

బ్రౌజర్ ఆమెను ఆపలె.
గేటు పిలగాడు దారి ఇచ్చి పంపిండు.
ఆపింది లోపటి కాంట.
ఆపింది నేను.

గు గు లో తు ద్వా లి.
నోటికి ఆరక్షరాలు.
నేను వాడిన ఎస్‌టీఆర్‌లెన్ అక్షరాలు ఎంచదు, బైట్లు ఎంచుతది.
ఇంగ్లీషుదానికి ఒకటి, మనదానికి మూడు,
కొమ్ముకు వేరే మూడు, గుడికి వేరే మూడు,
ఒత్తు కింద దాగిన పొల్లుకు గూడ మూడు.
మొత్తం నలభై మూడు.
సంచి బరువు, తాడు బరువు,
మోసుకొచ్చిన హమాలీ బరువు గూడ కలిపి
మిర్చి కింద రాసిన కాంట నాది.

ఆ ఫంక్షన్ ముందట ఎమ్, బీ చేర్చిన.
నలభై మూడు పదిహేనయింది.
పదిహేనైనా ఆరు కాదు,
కని ట్రాలీ లోపటికొచ్చింది.

ఎర్రక్షరాలు మాత్రం శానాసేపు దిద్దిన.
"పేరు పొడుగున్నది" అని రాసి కొట్టేసిన.
"కురచగ రాయండి" అని రాసి కొట్టేసిన.
ఆఖరుకు:
మీ పేరు మా గడిల పట్టలేదు, యార్డుల అడగండి.

యాకూబ్ పాషా బస్తా దించుకుంట అన్నడు:
"ఎవర్నీ నమ్మకు అన్న గని
తిప్పి పంపుమన్ననా?
మళ్లొక్కసారి తూచుమన్న, అంతే."

రాత్రి ఇంకో ఫారం వచ్చింది.
పేరు మంచిగనే ఉన్నది, బస్తాలు తొమ్మిది.
ఫోన్ నంబరు కాడ
పది సున్నాలు.
దొంగనా, ఫోను లేని మనిషా?
కర్సర్ కొట్టుకుంటనే ఉన్నది.
ఆ వరుస ఇంకా రాయలె.